జనానాలోకి వచ్చిన డిటెక్టివ్

'చదువు భాయ్. మీ ఆడవాళ్ళ కథే' అంటూ తార్నాకలో ఒక మిత్రుడు నా చేతిలో ఇంగ్లీషు నవల పెట్టాడు. మంచివాడే. యూనివర్సిటీలో పాఠాలు చెప్తాడు, రంజాన్‌కి గుర్తుపెట్టుకుని ఇంటికొస్తాడు. అయినా 'మీ ఆడవాళ్ళు' అన్నమాట హబ్సిగూడ దాటి రామంతాపూర్ చేరేదాకా చెవిలో గుయ్యిమంటూనే ఉంది.

మా రామంతాపూర్‌లో పోలీసులకి నేరపరిశోధన నేర్పే కేంద్ర ప్రభుత్వ డిటెక్టివ్ ట్రైనింగ్ సంస్థ ఉంది. చిన్నప్పుడు ఆ గోడ పక్కన నడుస్తుంటే లోపల ఇబ్నె సఫీ ఫరీదీలు, కొమ్మూరి యుగంధర్లు తిరుగుతుంటారనుకునేవాణ్ణి. అబ్బా ఉర్దూలో జాసూసీ దునియా చదివేవాడు. నేను తెలుగులో యుగంధర్‌ని చదివేవాణ్ణి. రెండు భాషల్లోనూ గుట్టు విప్పేది మగాడే. అబ్బా పుస్తకాల్లో డిటెక్టివ్ అయినా ముసల్మానే. నా పుస్తకాల్లో నాకు దొరికిన సాయిబు జట్కా తోలేవాడో, వస్తాదో.

మిత్రుడిచ్చిన నవల సుజాతా మాస్సీ రాసిన 'ద విడోస్ ఆఫ్ మలబార్ హిల్'. 2018లో వచ్చింది. రచయిత్రి తండ్రి భారతీయుడు, తల్లి జర్మన్, పెరిగింది అమెరికాలో. కథాకాలం 1921, కథాస్థలం బొంబాయి. పెర్వీన్ మిస్త్రీ కలిగిన పార్సీ ఇంటి పిల్ల, ఆక్స్‌ఫర్డ్‌లో లా చదివి తండ్రి ఆఫీసులో సొలిసిటర్‌గా పనిచేస్తోంది. ఆడవాళ్ళు వకీళ్ళు కావచ్చని దేశమంతటికీ చట్టమొచ్చింది 1923లో. కాబట్టి కోర్టులో నోరెత్తే వీల్లేదు, కాగితాలు చూడాల్సిందే. అట్లా ఒక కాగితం ఆమె కంటబడుతుంది. మిల్లు యజమాని ఒమర్ ఫరీద్ చనిపోయాడు. పరదాలో ఉన్న ముగ్గురు భార్యలు రజియా, సకీనా, ముంతాజ్ తమ మెహర్ ఆస్తినంతా కుటుంబ వక్ఫ్‌కి ఇచ్చేస్తున్నట్టు రాసిన ఉత్తరమది. సంతకాలు చూస్తే అనుమానం. పెర్వీన్ ఆ ఇంటికి వెళ్తుంది. ఇంటి వ్యవహారాలు చూసే ముక్రీ హత్యకు గురవుతాడు. మగ పోలీసులు జనానాలోకి వెళ్ళలేరు, పెర్వీన్ వెళ్ళగలదు. హంతకులెవరో చెప్పను. చదువుకోండి.

ఇంగ్లీషు డిటెక్టివ్ నవలకి తాళమేసిన గది ఒకటి కావాలి. ఇక్కడ ఆ తాళం పరదా. మా జీవితం ఒక ప్లాటు సౌకర్యమైపోయిందే అని మొదట కోపమొచ్చింది. సగం చదివేసరికి కోపం దిశ మారింది. ఎందుకంటే ఈ నవల్లో అసలు నేరం హత్య కాదు, ఆ ఉత్తరం.

మెహర్ కట్నం కాదు, కానుక కాదు. నిఖా రోజున మొగుడు పెళ్ళానికి ఒప్పుకున్న బాకీ. బతికుండగా తీర్చకపోతే అతని ఆస్తిలోంచి ముందు అది తీర్చి, తర్వాతే పంపకాలు. పంపకాల్లో భార్యకి పిల్లలుంటే 8వ వంతు, లేకుంటే 4వ వంతు, భార్యలు ఎందరుంటే అందరూ అదే పంచుకోవాలి. తక్కువే, కానీ వాటా. అదే 1921లో హిందూ విధవకి మొగుడి ఉమ్మడి కుటుంబంలో దక్కేది మనోవర్తి. ఆ హక్కుల చట్టం 1937 దాకా రాలేదు. అంటే ఆ ముగ్గురు బేగంల చుట్టూ కుట్ర నడిచింది వాళ్ళ దగ్గర ఏమీ లేక కాదు, ఉన్నందుకు.

మా ఖాలా దగ్గర కూడా ఉండేది. ఖాలూ జనాజా లేచే ముందు ఇంటి పెద్దలు ఆమెని శవం దగ్గరికి తీసుకొచ్చి 'మెహర్ మాఫ్ చేశానను' అన్నారు. ఎదురుగా నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి తెల్లగుడ్డలో పడుకుని ఉంటే ఏ ఆడది కాదంటుంది? 'మాఫ్ కియా' అంది. ఎవరూ సంతకం అడగలేదు. నేను అక్కడే నిలబడి ఉన్నాను, చదువుకున్నవాణ్ణి, నోరెత్తలేదు. షరీయత్ ఇచ్చింది రివాజు లాక్కుంటుంటే చూస్తూ ఊరుకున్న మగాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ తర్వాత బయటివాళ్ళు షరీయత్‌ని తిడితే మాత్రం రోషమొస్తుంది నాకు.

ఇక మిత్రుడి మాట సంగతి. ఈ పెర్వీన్‌కి మూలం కార్నీలియా సొరాబ్జీ, బొంబాయి తొలి మహిళా బారిస్టర్ మిఠన్ టాటా లామ్. సొరాబ్జీ 1904 నుంచి బెంగాల్ కోర్ట్ ఆఫ్ వార్డ్స్‌లో పరదానషీన్ స్త్రీలకి సలహాదారు. ఆమె తిరిగిన జనానాల్లో హిందూ జమీందారీ ఇళ్ళు బోలెడు. పరదా మతానిది కాదు, ఆస్తిది. మాస్సీకి ఇది తెలుసు. పెర్వీన్‌ని కలకత్తాలో అత్తింటివాళ్ళు నెలసరి రోజుల్లో గదిలో పెట్టి మూసేసినది ఈ నవల్లోనే ఉంది. 2019లో వచ్చిన రెండో నవల 'ద సాతాపూర్ మూన్‌స్టోన్'లో పరదా హిందూ రాణులది. మిత్రుడు అవి దాటేసి మలబార్ హిల్ దగ్గరే ఆగిపోయాడు.

నా పేచీ వేరే. బేగంలు చివరిదాకా కక్షిదారులుగానే ఉండిపోతారు. రజియా కూతురు అమీనా చురుకైన పిల్ల, ఇంగ్లీషు మాట్లాడుతుంది, అన్నీ గమనిస్తుంది. ఆ పిల్లకి కథ అప్పగించి ఉంటే! అప్పట్లో మన హైదరాబాద్‌లోనే సుఘ్రా హుమాయూన్ మీర్జా ఉంది. బారిస్టరు భార్య, 'అన్నిసా' పత్రిక నడిపింది, నవలలు రాసింది, దేశాలు తిరిగింది, 1934లో ఆడపిల్లలకు సఫ్దరియా స్కూలు పెట్టింది. ఇంత హుషారైన ఖాందానీ మనిషి ఉంటే డిటెక్టివ్ కోసం బయటికి పోనక్కర్లేదు. ఆమె మీద తెలుగులో నవల ఉంటే నా కంటబడలేదు.

పెద్దింటి మనిషే ఎందుకు, అని కూడా అడగాలి. పెర్వీన్‌కి కారుంది, గవర్నరు సలహాదారు కూతురు స్నేహితురాలు. ఆమెకి తలుపులు తెరుచుకుంటాయి. మా గల్లీలో గాజులమ్మే చూడీవాలీకి ఏ కారూ లేదు. ప్రతి జనానాలోకి వెళ్తుంది, ప్రతి చెయ్యీ పట్టుకుంటుంది, ఏ చేతి మీద వాత ఉందో ఆమెకి తెలుసు. సాక్ష్యం కావాలంటే ఆమెనడగండి.

నవల పూర్తయ్యాక రెండు సాయంత్రాలు ఖాలాకి ఉర్దూలో కథ చెప్పాను. ముక్రీని ఎవరు చంపారో ఆమె అడగలేదు.

'ఆ ముగ్గురికీ మెహర్ దక్కిందా బేటా?' అంది.