వెయ్యి గళ్ల తెర

తీరిక దొరికినప్పుడు ఎమ్యులేటర్ తెరిచి కమడోర్ 64కి ప్రోగ్రాంలు రాయడం నాకు చాలా ఇష్టమైన పని. 1982లో వచ్చిన ఆ హోమ్ కంప్యూటర్ తెరకు 25 వరుసలు, వరుసకు 40 గళ్లు. గడికో అక్షరం, దానికి 16 రంగుల్లో ఒకటి. గీతలు, మూలలు, నిండు చదరాలు కూడా అక్షరాలే. వాటిని పేర్చితే పెట్టె, పెట్టెలో నాలుగు పేర్లు రాస్తే మెనూ.

కష్టమంతా లెక్కల్లో ఉంది. ఎడమ పైమూల గడి మెమొరీలో 1024వ చిరునామా. పైన పది వరుసలు, ఎడమన ఐదు గళ్లు వదిలితే వచ్చే గడి 1429. దాని రంగు ఉండేది ఇంకెక్కడో, 55296 దగ్గర మొదలయ్యే చోట. ఇంగ్లిష్ ‘ఏ’ని ప్రింట్ చేస్తే దాని సంఖ్య 65, నేరుగా తెర మెమొరీలో పెడితే 1. గ్రాఫ్ కాగితం మీద గళ్లు నింపి ఇవన్నీ చేత్తో దింపుకున్నాక ఒక్క వరుస జరపాల్సి వచ్చిందంటే మళ్లీ మొదటికి రావడమే.

పెట్‌మేట్ లాంటి సాఫ్ట్‌వేర్ ఈ చాకిరీ తప్పించింది. మౌస్‌తో తెరను గీస్తే చాలు, బేసిక్ లిస్టింగ్‌గానో అసెంబ్లీ కోడ్‌గానో మార్చి ఇస్తుంది. మెనూ చదవడానికి వీలుగా ఉందా, ఏ రంగు పక్కన ఏది నప్పుతుంది అనే అసలు ప్రశ్నల మీద మనసు పెట్టే వీలు అందువల్లే దొరికింది.

అయినా అది రాసిచ్చిన కోడ్‌ను చదవకుండా వాడకూడదన్నది నా గట్టి నమ్మకం. తెరను ఉన్నదున్నట్టు దాస్తే అక్షరాలకు వెయ్యి బైట్లు, రంగులకు మరో వెయ్యి. యంత్రం ఆన్ చేయగానే బేసిక్‌కు ఖాళీగా ఉన్నాయని చూపించేవి 38911 బైట్లు. అలాంటి పది తెరలు అందులో సగానికి పైగా మింగేస్తాయి. బేసిక్ డేటా లైన్లయితే ఖర్చు ఇంకా ఎక్కువ: 160 అని రాయడానికి అంకెలు, కామా కలిపి నాలుగు బైట్లు.

వేగం సంగతీ అంతే. ఈ యంత్రంలోని 6510 ప్రాసెసర్ ఇండెక్స్ రిజిస్టర్ 255 దాటి లెక్కించలేదు. అందుకే వెయ్యి అక్షరాలను 250 చొప్పున నాలుగు భాగాలుగా కాపీ చేస్తాం. మెషిన్ కోడ్‌లో అది సుమారు సెకనులో వందో వంతు పని. అదే బేసిక్‌లో ఒక్కో సంఖ్యనూ రీడ్ చేసి పోక్ చేస్తూ పోతే, తెర నిండేదాకా చూసేవాళ్లు సెకన్ల తరబడి ఎదురుచూడాలి.

మెనూల విషయంలో 1985లో వచ్చిన అటారీ ఎస్‌టీ కంప్యూటర్‌కు ఇంకో దారి ఉండేది. రిసోర్స్ కన్‌స్ట్రక్షన్ సెట్ అనే సాఫ్ట్‌వేర్‌లో గీసిన మెనూలు, డైలాగ్‌లు ప్రోగ్రాంతో కలవకుండా వేరే ఫైలులో ఉండేవి. మెనూను జర్మన్‌లోకి మార్చాలన్నా ప్రోగ్రాంను తిరిగి కంపైల్ చేయనక్కర్లేదు. 520 ఎస్‌టీలో 512 కిలోబైట్ల మెమొరీ ఉంది కాబట్టి ఆ సౌఖ్యం చెల్లింది. 64 కిలోబైట్ల యంత్రంలో ప్రతి పెట్టెకూ విడిగా ధర కట్టుకోవాలి.

ఆ ధర కట్టే పని మనదే. నా ప్రోగ్రాంలో ఐదు తెరలకూ ఒకటే అంచు ఉందని నాకు తెలుసు. ఒక్కో తెరను విడిగా రాసిచ్చే సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను చెప్పేది ఇదే: అది ఇచ్చిన ఫైలు తెరవండి. ఖాళీకి గుర్తయిన 32 వరుసగా ఎక్కడెక్కడ వస్తోందో, ఒకే గీత అక్షరం నలభైసార్లు ఎక్కడ పునరావృతమవుతోందో వెతకండి. మీరు చేత్తో రాయాల్సిన లూప్ అక్కడ ఉంది.