బోర్డు వెనక పేర్లు

ఆదివారం ఉదయం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చాప పరిస్తే ఏడెనిమిది మంది పిల్లలు వచ్చి కూర్చుంటారు. మధ్యలో బ్రెడ్‌బోర్డులు, జంపర్ వైర్లు, కోఠి గుజరాతీ గల్లీలో కొన్న ఆర్డుయినో తరహా నీలం బోర్డులు. తాము రాసిన నాలుగు లైన్లకు ఎల్‌ఈడీ మొదటిసారి మినుకుమన్నప్పుడు వాళ్ల మొహాలు చూడాలని వారమంతా ఎదురుచూస్తాను.

పోయిన వారం ఏడో తరగతి పిల్ల అడిగింది: “అంకుల్, పిన్‌మోడ్, డిజిటల్‌రైట్ అని ఈ కమాండ్లకు పేర్లు ఎవరు పెట్టారు?”

ఇరవై ఏళ్ల నా ఉద్యోగంలో ఏ ఇంజినీరూ ఈ ప్రశ్న వేయలేదు.

జవాబు ఇటలీలో ఉంది. ట్యూరిన్‌కు ఉత్తరాన ఇవ్రేయా అనే చిన్న ఊరు. టైప్‌రైటర్ల ఒలివెట్టి కంపెనీ 1908లో పుట్టింది అక్కడే. ఆ ఊళ్లోనే ఈ శతాబ్దం మొదట్లో ఒక డిజైన్ విద్యాసంస్థ నడిచింది. ఎలక్ట్రానిక్స్ తెలియని డిజైనర్లకు చిప్‌లతో పని ఎలా నేర్పాలన్నది అక్కడి ఇబ్బంది. హెర్నాండో బర్రగాన్ అనే కొలంబియా విద్యార్థి 2003లో తన థీసిస్ కోసం ‘వైరింగ్’ మొదలుపెట్టాడు. రిజిస్టర్లూ బిట్లూ తెలియకపోయినా, ఫలానా పిన్‌కు కరెంటు పంపు అని ఒక్క ముక్కలో చెప్పగలిగే ఏర్పాటు అది. ఆ పిల్ల అడిగిన మాటలు ఆ పనిలోంచి వచ్చినవే. ఆ థీసిస్‌కు గైడ్లు ఇద్దరు, వాళ్లలో ఒకరు మాసిమో బాంజీ. 2005లో బాంజీ, మరికొందరు కలిసి అదే పునాది మీద, అంతకంటే చౌక చిప్‌తో ఇంకో బోర్డు చేశారు. తాము కూర్చునే బార్ పేరే దానికి పెట్టారు, ఆర్డుయినో అని. ఆ బార్ పేరు 1002లో ఇటలీ రాజైన ఆర్డుయిన్‌ది.

ఈలోగా విద్యాసంస్థ మూతపడే స్థితికి వచ్చింది. దానితోపాటు తమ పనీ పోతుందేమోనని, డిజైన్నీ కోడ్‌నీ లోకానికి వదిలేశారు. దాచుకుని ఉంటే అది ఆ గోడల మధ్యే ఆగిపోయేదని నా నమ్మకం. ఇవాళ మా సెల్లార్‌లోకి బోర్డు అంత చౌకగా వస్తోందంటే ఆ నిర్ణయం వల్లే.

పేరు మాత్రం వదల్లేదు. అది ట్రేడ్‌మార్క్. దాని కోసమే వ్యవస్థాపకుల అమెరికా కంపెనీకీ బోర్డులు తయారుచేసే ఇటలీ కంపెనీకీ మధ్య వివాదం కోర్టుకెక్కింది. కొంతకాలం అమెరికా బయట ఒక వర్గం బోర్డులు ‘జెనుయినో’ పేరుతో అమ్ముడయ్యాయి. 2016 అక్టోబరులో రాజీ కుదిరింది. 2025 అక్టోబరులో క్వాల్‌కామ్ ఆర్డుయినోను కొంటున్నట్టు ప్రకటించింది.

ఇవన్నీ పెద్ద వార్తలే. నా మనసులో నిలిచింది మాత్రం 2016లో బర్రగాన్ రాసుకున్న వివరం. ఆర్డుయినో పుట్టుక కథలో తన వంతు కనపడకుండా పోయిందని అతని బాధ. ఎవరు ఎంత చేశారో తూచే స్థానం నాది కాదు. కానీ ఆ బాధ నాకు సూటిగా తగిలింది.

పదేళ్ల కిందట ఒక కంపెనీలో పనిచేస్తూ ఎవరో రాసి పంచిన లైబ్రరీని మా కోడ్‌లో కలిపాను. ఫైలు పైన దాన్ని రాసిన ముగ్గురి పేర్లు, లైసెన్సు, మొత్తం ఇరవై లైన్లు. చూడ్డానికి శుభ్రంగా ఉంటుందని తీసేశాను. రివ్యూ చేసినవాళ్లూ అడగలేదు. ఉద్యోగం మారాక ఒకరోజు గుర్తొచ్చింది. అప్పటికి ఆ కోడ్ నా చేతిలో లేదు. ఆ ముగ్గురిలో ఒక్కరి పేరైనా ఇప్పుడు గుర్తులేదు. అప్పటినుంచి ఏ ఫైలు తెరిచినా ముందు పై లైన్లు చదువుతాను, చదివాకే కిందికి దిగుతాను.

అందుకే ఆ పిల్లకు నోటితో జవాబు చెప్పలేదు. లాప్‌టాప్‌లో ఆర్డుయినో కోడ్ తెరిచి చూపించాను. డిజిటల్‌రైట్ ఉండే ఫైలు పేరు ఇప్పటికీ ‘వైరింగ్ డిజిటల్’. అందులో పైన రాసినవాళ్ల పేరు, 2005-2006 నాటి కాపీరైట్, తర్వాత మార్పులు చేసినవాళ్ల పేరు. బర్రగాన్ పేరు నేను పలక మీద రాశాను. పిల్లలు కూడబలుక్కుని చదివారు.

ఆ పిల్ల వెళ్లి తన ప్రోగ్రాం మొదట్లో రెండు గీతలు పెట్టి పేరు రాసుకుంది. కాసేపు ఆగి, డిలే లెక్క చెప్పిన పక్క పిల్లాడి పేరు కూడా చేర్చింది.