అద్దె కారులో సొంత ఛార్జర్

విదేశీ ప్రయాణానికి పెట్టె సర్దేటప్పుడు మనవాళ్లు గోడ ప్లగ్గు గురించి చాలా ఆలోచిస్తారు. అమెరికాలో 120 వోల్టులు, రెండు చదును పిన్నులు. బ్రిటన్‌లో 230 వోల్టులు, మూడు లావు పిన్నులు. అందుకని యూనివర్సల్ అడాప్టర్ తప్పకుండా కొంటారు. తీరా అక్కడ దిగాక పగలంతా గడిచేది అద్దె కారులో. అక్కడి ఛార్జింగ్ సంగతి మాత్రం ‘కారులో యూఎస్‌బీ ఉంటుందిలే’ అని వదిలేస్తారు. ఆ పోర్టును నమ్ముకోకూడదనీ, సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే సొంత ఛార్జర్, సొంత కేబుల్ వెంట ఉండాలనీ నా అభిప్రాయం. గోడ ప్లగ్గు దేశానికో తీరు గానీ, ఆ సాకెట్ హైదరాబాద్ కారులోనూ డాలస్ కారులోనూ ఒకటే, 12 వోల్టులే. కోఠిలో కొన్న ఛార్జర్ టెక్సాస్‌లోనూ పనిచేస్తుంది.

ముందు కరెంటు లెక్క చూద్దాం. పాత రకం యూఎస్‌బీ 2.0 డేటా పోర్టు ప్రమాణం ప్రకారం ఇచ్చేది 5 వోల్టుల దగ్గర అర ఆంపియర్, అంటే రెండున్నర వాట్లు. 5,000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలో పట్టేది సుమారు 19 వాట్ అవర్లు. ఫోన్‌ను ముట్టుకోకుండా పక్కన పెట్టినా అది నిండడానికి ఏడెనిమిది గంటలు పడుతుంది. ఇక ఎండకు స్క్రీన్ వెలుగు పూర్తిగా పెంచి, జీపీఎస్, మొబైల్ డేటా నడుస్తూ దారి చూపే ఫోన్‌కు ఆ కాస్త కరెంటు ఏ మూలకు? కేబుల్ పెట్టి ఉన్నా శాతం తగ్గుతూనే ఉంటుంది. పరాయి దేశంలో హోటల్ బుకింగ్, మ్యాపు, బ్యాంకు ఓటీపీ అన్నీ ఆ ఫోన్‌లోనే కదా. అందుకే ఛార్జర్ కొనేటప్పుడు పైన ‘ఫాస్ట్’ అన్న పెద్ద అక్షరాలు వదిలేసి, పక్కనున్న చీమ తలకాయంత అక్షరాలు చదవండి. ‘9వీ, 3ఏ’ అని ఉంటే రెండూ గుణించి 27 వాట్లు. ‘5వీ, 1ఏ’ అని మాత్రమే ఉంటే అయిదే వాట్లు; దాన్ని షాపులోనే వదిలేయండి. ఫోన్‌ను అద్దం కింద ఎండలో పెట్టకండి, వేడెక్కితే ఎంత మంచి ఛార్జరైనా ఛార్జింగ్ ఆగిపోతుంది.

రెండో కారణం ఇంకా ముఖ్యం. కారు యూఎస్‌బీలో పెట్టిన కేబుల్ కరెంటుతో పాటు సమాచారాన్నీ మోస్తుంది. హడావిడిలో ‘అనుమతించు’ నొక్కితే కాంటాక్టులు, కాల్ జాబితా కారు తెర మీదికి వచ్చేస్తాయి, అక్కడే మిగిలిపోవచ్చు కూడా. ఏ అద్దె కారులోనైనా బ్లూటూత్ జాబితా తెరిచి చూడండి, అంతకుముందు ఆ కారు నడిపినవాళ్ల ఫోన్ల పేర్లు వరసగా కనిపించే అవకాశమే ఎక్కువ. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లోనే ఈ ప్రమాదం గురించి హెచ్చరించింది. ఛార్జింగ్ కోసమైతే యూఎస్‌బీ పోర్టు వద్దు, లైటర్ సాకెట్ అడాప్టర్ వాడండని చెప్పింది. ఆ అడాప్టర్ చేసేది కరెంటు ఇవ్వడం వరకే.

కొత్త కార్లలో టైప్-సీ పోర్టులున్నాయి, జోరుగానే ఎక్కుతుంది కదా అనవచ్చు. నిజమే. కానీ అద్దె కంపెనీలు సాధారణంగా బుక్ చేసేది కారు తరగతిని, ఫలానా మోడల్‌ను కాదు. ఏ కారు వస్తుందో పార్కింగ్‌లో తాళం చేతికొచ్చేదాకా తెలియదు. లైటర్ సాకెట్ లేని కొత్త కార్లూ వస్తున్నాయన్నది ఇంకా బలమైన అభ్యంతరం. అలాంటి కారులో ఉన్న పోర్టుతోనే సరిపెట్టుకోవాలి, అందుకే యూఎస్‌బీ-ఏ నుంచి సీకి ఒకటి, సీ నుంచి సీకి ఒకటి కేబుళ్లు రెండూ ఉండాలి. పవర్ బ్యాంక్ చాలదా అంటే, ఆపద్ధర్మానికి అది మంచిదే. అయితే మామూలుగా విమానంలో 100 వాట్ అవర్ల లోపుదే, అదీ చేతి సంచిలోనే అనుమతిస్తారు. దాన్ని మళ్లీ నింపాలి, ఎండలో నిలిపిన కారులో వదలకూడదు. మ్యాపు పెద్ద తెర మీద కావాలనుకునేవారు ఫోన్‌ను కారుకు కలపడంలో తప్పులేదు. కాంటాక్టుల అనుమతి మాత్రం ఇవ్వకండి. కారు తిరిగి అప్పగించే ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి మీ ఫోన్ పేరు, నావిగేషన్‌లో మిగిలిన చిరునామాలు తీసేయండి. వాటిలో మీ అమ్మాయి ఇంటి అడ్రసు కూడా ఉండవచ్చు.