తిరుగుదారిలో వడపోత

డీజిలు యంత్రమునకు పంపు తోడియిచ్చు నూనె యంతయు కాలిపోవునని చాలామంది తలంతురు. కామన్ రైలు యంత్రములలో, అనగా 'రైలు' అను ఒకే పీడనగొట్టమునుండి ఇంజెక్టర్లన్నిటికిని నూనె నందించు యంత్రములలో, అందు కొంతయే ఇంజెక్టర్ల నాజిళ్లగుండ చిమ్మబడి దగ్ధమగును. తక్కినది పంపు లోపలి భాగములకు తానే కందెనయై, వాని వేడిమిని తనలోనికి తీసికొని, ఇంజెక్టర్లనుండి కారివచ్చు నూనెతో కూడి రిటర్ను పైపు వెంట ట్యాంకునకే మరలివచ్చును. పోవుదారిలోని ఫిల్టరును అందఱును మార్పింతురు. వచ్చుదారిని చూచువా రరుదు.

నేనును చూడలేదు. కొన్నేండ్ల క్రిందట నా బండి హైప్రెషరు పంపు అరిగిపోగా క్రొత్తది వేయించితిని. నెల తిరుగకమునుపే బండి మరల మొరాయించెను. విజయవాడ ఆటోనగరులో ఒక వృద్ధ మేస్త్రి రిటర్ను పైపు ఊడదీసి, నాలుగు చుక్కలు నా అరచేత పోసి యెండకు పట్టుమనెను. చేతిగీతలలో వెండిరజను చేపపొలుసువలె తళుక్కుమనెను. "పాత పంపు కక్కింది బాబూ ఇది. ట్యాంకు కడిగించకుండా కొత్త పంపు బిగించారు, అదీ ఇదే తాగింది" అనెను. అయస్కాంతము నానింపగా కొంత రజను లేచి యంటుకొనెను, కొంత చలింపలేదు. చలింపనిది పంపు ఒంటి అల్యూమినియము; కావున అయస్కాంతము నొక్కదానినే నమ్మరాదని ఆనాడు తెలిసికొంటిని.

తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. ఇంజెక్టరులో సూదికిని దాని గూటికిని నడుమ సందు రెండుమూడు మైక్రానులే. 1,600 బారులకు మించిన పీడనమున నూనె పరుగెత్తు ఆ సందున రజను చొచ్చెనా, గీఱకుండ విడువదు. నూనెలో నీరో కిరసనాయిలో కలిసినచో దాని కందెనగుణము తగ్గి, పంపు తడి చాలక అరుగును. రజను పుట్టుట అట్లే.

అందుచేత ట్యాంకును కడిగించి, రైలును ఇంజెక్టర్లను శోధింపజేసి, రిటర్ను పైపు ట్యాంకును చేరుచోట ఒక ఫిల్టరు పెట్టించితిని. ఎంత సన్నని వడపోతయైన అంత మేలనుకొనుట పొరపాటు. సన్నని వడపోత నూనె నడ్డగించి తిరుగుదారిలో ఒత్తిడి పెరిగినచో ఇంజెక్టర్ల నడక చెడును. నూనె ధారాళముగ జారునట్టి పెద్ద ఫిల్టరే తగినది. అరుగుచున్న పంపును అది కాపాడలేదు, ట్యాంకును మాత్రము కాపాడును.

పదివేల కిలోమీటర్ల కొకమారు దానిని విప్పించి, డొల్ల కోయించి, కాగితపు మడతలను తెల్లగుడ్డపై పఱచి నేనే చూచుచున్నాను. మొన్న చూచినపుడు నల్లని జిడ్డు కలదు, మెరుపు లేదు.