గాస్కెట్ గీకే చెయ్యి

పూర్ణా మార్కెట్ రద్దీలో బండి కదలదు, ఇంజను మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఆ వేడి రేడియేటరుకు చేరాలంటే వాటర్ పంపు నీటిని తిప్పాల్సిందే. పంపు పోయిందని మంచి మెకానిక్ విప్పకముందే పట్టేస్తాడు: పుల్లీని ఊపితే బేరింగు సంగతి తెలుస్తుంది, పంపు కింది చిన్న రంధ్రంలోంచి నీరు కారితే సీలు అరిగినట్టే. కొత్తది బిగించడం ఎవరైనా చేస్తారు. పనితనమంతా పాత గాస్కెట్ గీకడంలోనే ఉంది. అల్యూమినియం మీద గీత పడకూడదు, పాత ముక్క పిసరంతైనా మిగలకూడదు. బోల్టులు ఎదురెదురువి, కొద్దికొద్దిగా బిగిస్తాడు. కూలెంట్ పోసి, గాలి బుడగలు పోయేదాకా ఇంజను నడుపుతాడు. కుళాయి నీళ్లు చాలనే ఓనర్లంటే విసుక్కుంటాడు. న్యాయమే, తుప్పు పంపు రెక్కల్ని తినేస్తుంది మరి. టైమింగ్ బెల్టుతో తిరిగే పంపైతే బెల్టు కూడా మార్చమంటాడు. బిల్లు పెంచడానికి కాదు, అదంతా మళ్లీ విప్పే కూలి తప్పుతుందని.