రెప్ప వేయని కళ్లు

దేవతలకున్న పర్యాయపదాల్లో ‘అనిమిషులు’ ఒకటి. నిమిషమంటే అరవై సెకన్లు కాక మునుపు రెప్పపాటు అనే అర్థం ఉండేది కాబట్టి, ఆ రెప్పపాటు లేనివారు అనిమిషులయ్యారు. ఇప్పటి పల్నాడు జిల్లాలో ఉన్న కొండవీటిని ఏలిన పెదకోమటి వేమారెడ్డి కొలువులో విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడు తెలుగు చేసిన ‘శృంగార నైషధము’లో, నలుడి రూపుతో స్వయంవరానికి వచ్చిన దేవతల నడుమ అసలు నలుణ్ణి దమయంతి ఆనవాలు పట్టడానికి తోడ్పడిన గుర్తుల్లో ఈ రెప్పపాటూ ఉంది. తెర ముందు కూర్చున్న మనిషిని ఆ గుర్తుతో పోల్చుకోవడం దమయంతికైనా కొంత కష్టమే.

మామూలుగా నిమిషానికి 15 నుంచి 20 సార్లు పడే రెప్ప, కంప్యూటరు మీదో ఫోను మీదో చూపు నిలిపినప్పుడు అందులో సగానికీ, కొందరిలో మూడో వంతుకూ తగ్గుతుందనీ, పడిన రెప్ప కూడా కింది రెప్పను తాకకుండానే తిరిగి లేస్తుందనీ నేత్రవైద్యులు గమనించారు. ఈ లోటు ఎందుకు బాధిస్తుందో తెలియాలంటే కన్నీటి పొర తీరు తెలియాలి: కంటిని అంటిపెట్టుకుని జిగురు, దానిపైన నీరు, ఆ నీరు ఆవిరి కాకుండా అన్నిటికీ పైన పలుచని నూనె ఉంటాయి. రెప్పల అంచుల్లో వరుసగా ఉండే మీబోమియన్ గ్రంథుల నుంచి ఆ నూనె, రెప్పలు పూర్తిగా కలిసినప్పుడు పిండినట్టు వెలువడి, రెప్ప లేచేటప్పుడు కంటి మీద పరుచుకుంటుంది. అరరెప్పకు అది చాలినంత రాదు కనుక పొర అక్కడక్కడా తెగి, ఇసుక పడ్డట్టు గరగర, మంట, సాయంత్రానికి మసక మొదలవుతాయి. కళ్లు ఎండిపోయాయని వైద్యుడు చెబితే, నీళ్లు కారుతున్నాయి కదా అని కొందరు నమ్మరు గానీ, అది ఎండిన కన్ను రేగి పెట్టే నీరే తప్ప నిలిచే పొర కాదు.

ఎండలకు పేరుపడ్డ రెంటచింతల ఉన్న పల్నాడులో కన్నీటి పొర మరింత త్వరగా ఆరుతుంది. మీసేవ కేంద్రంలోనో గ్రామ సచివాలయంలోనో పనిచేసేవారు వేసవిలో టేబుల్ ఫ్యానును సూటిగా మొహానికి పెట్టుకోవడం సహజమే అయినా, దాన్ని పక్కకు తిప్పి ఒంటికి గాలి తగిలేలా పెట్టుకుంటే కళ్లకు ఊరట. పాత రిజిస్టర్ల కట్ట మీద ఎత్తి పెట్టిన మానిటరును కిందికి దించి, దాని పై అంచు కంటిమట్టానికి కాస్త దిగువన ఉండేలా చూస్తే, చూపు కిందికి వాలి, పై రెప్ప కంటిని ఎక్కువ భాగం కప్పి, గాలి తగిలే మేర తగ్గుతుంది.

రెండో బాధ కంటి లోపలిది. కటకాన్ని సర్దే సిలియరీ కండరం దగ్గరి వస్తువును చూసినంతసేపూ బిగిసి ఉండి, దూరం చూసినప్పుడే సడలుతుంది కాబట్టి, ప్రతి 20 నిమిషాలకు 20 అడుగుల అవతలి వస్తువును 20 సెకన్లు చూడాలన్న సూత్రాన్ని అమెరికా దృష్టి నిపుణుడు జెఫ్రీ ఆన్షెల్ ప్రచారంలోకి తెచ్చారు. ఇరుకు గదిలో 20 అడుగులు దొరకకపోతే, నరసరావుపేటలో మేడ ఎక్కి కోటప్పకొండ వైపు చూసినా సరిపోతుంది. ఆ కండరానికి 20 అడుగులైనా పది కిలోమీటర్లైనా దాదాపు ఒకటే.

నీలికాంతిని ఆపుతాయని అమ్మే అద్దాల వల్ల కంటి అలసట తగ్గుతుందనడానికి ఆధారం లేదని 17 ప్రయోగాలను పరిశీలించిన కోక్రేన్ సమీక్ష 2023లో తేల్చింది కనుక, ఆ డబ్బు చత్వారం పరీక్షకు పెట్టడం మేలు. చత్వారమంటే నలభైల్లో కటకం బిరుసెక్కి దగ్గరి చూపు తగ్గడం. ఆ పేరులోనే నలభై ఉంది. చదువుకోవడానికి ఇచ్చే అద్దం సుమారు 40 సెంటీమీటర్ల దూరానికి కుదురుతుంది గానీ మానిటరు 60 సెంటీమీటర్ల అవతల ఉండడంతో, రెండు చూపుల అద్దం పెట్టుకున్న ఉద్యోగి కింది గాజులోంచి చూడడానికి గడ్డం పైకెత్తి, మెడ ముందుకు చాచి, సాయంత్రానికి మెడనొప్పి అంటాడు. కంటి నుంచి తెరకు ఎంత దూరమో టేపుతో కొలిచి, ఆ అంకెను చీటీ మీద రాసుకుని వెళ్తే, పరీక్ష చేసేవారు దానికి తగిన నంబరు విడిగా రాసి ఇస్తారు.