బలమైన స్త్రీ పాత్ర: రైతాంగ కథ విమర్శలో ఒక కొలమానం

1978లో జగిత్యాల జైత్రయాత్ర జరిగిన కొద్దికాలానికే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. చందుర్తి వంటి పల్లెల నేపథ్యం గల కథలను పరిశీలించేటప్పుడు, దొరను ఎదిరించిన స్త్రీనే బలమైన పాత్రగా పరిగణించడం మన విమర్శకు అలవాటైంది. ఈ కొలత చాలదు. స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో తెలంగాణ సాయుధ పోరాట స్త్రీల సాహసంతోపాటు, కన్నబిడ్డను పరాయివారికి అప్పగించవలసివచ్చిన కమలమ్మ దుఃఖమూ నమోదైంది. ఆమె పోరాటాన్ని నిరాకరించలేదు; నష్టాన్ని దాచనూ లేదు. పాత్రకు బలం ఈ రెండింటి నడుమనే సమకూరుతుందని నా అభిప్రాయం. కొడవలి పట్టిన చేయి కథకు సులభంగానే దొరుకుతుంది. బీడీలు చుట్టి ఇల్లు గడుపుతూ, భర్త సంఘం సభకు వెళ్లిన రాత్రి పోలీసులకు తలుపు తీసిన స్త్రీ మనసులో ఏముందో చెప్పిన కథలు మాత్రం నాకు అరుదుగానే కనిపించాయి.